ఇంగ్లీష్ ఇడియమ్స్ మీద మీ డౌట్లు, మా జవాబులు

ఇంగ్లీష్ ఇడియమ్స్ అంటే మన జాతీయాల్లాంటివి, వాటి మీద డౌట్లుంటే రాయమని పోయిన నెల అడిగితే చాలా ఉత్తరాలొచ్చాయి, మెయిల్స్ కూడా వచ్చాయి. ఒకేలాంటివి కలిపేసి కొన్నిటికి ఇక్కడ జవాబు రాస్తున్నా. ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తా, కింద జవాబుల్లో మళ్ళీ మళ్ళీ అదే వస్తుంది కాబట్టి. ఇడియమ్ ముందు విని అర్థం చేసుకోవడానికి, వాడటం తర్వాత సంగతి. ఎదుటివాళ్ళు అన్నది మీకు అర్థం కాకపోతే పని చెడుతుంది, మీరు వాడకపోతే మాత్రం ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ప్రశ్న: మా టెన్త్ గ్రామర్ బుక్‌లో ఇడియమ్స్ లిస్టు ఉండేది, మొత్తం బట్టీ పట్టా. మొన్న కాలేజీకి ట్రైనర్ మేడమ్ వచ్చినప్పుడు బయట వాన దంచుతోంటే "ఇట్స్ రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" అన్నా. ఆవిడ నవ్వి, ఇప్పుడెవరూ అలా అనరమ్మా అన్నారు. మరి మాకెందుకు నేర్పినట్టు?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఆవిడ చెప్పింది చాలావరకు నిజమేనండి. మీరన్నది తప్పు కాదు, దాని అర్థం అందరికీ తెలుసు, కానీ అమెరికాలో అయినా ఇంగ్లండ్‌లో అయినా పెద్ద వాన పడుతోంటే మామూలు జనం నోటికొచ్చేది "ఇట్స్ పోరింగ్" అనే. బ్రిటన్ వాళ్ళు "ఇట్స్ బకెటింగ్ డౌన్" అని కూడా అంటారు, అది మన కుండపోతకి బాగా దగ్గర, మనం కుండతో పోస్తే వాళ్ళు బకెట్‌తో పోస్తున్నారు అంతే. ఈ పిల్లులూ కుక్కల మాట చాలా పాతది. జొనాథన్ స్విఫ్ట్ 1738లో అచ్చేయించిన సంభాషణల పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం కూడా ఎలాంటిదంటే పెద్దింటి వాళ్ళు నలుగురూ చేరి అరిగిపోయిన మాటలే తిప్పి తిప్పి మాట్లాడుకోవడాన్ని ఎగతాళి చేస్తూ రాసింది. అంటే దాదాపు మూడొందల ఏళ్ళ కిందటే ఈ మాట అరిగిపోయిన వాటి లెక్కలోకి వెళ్ళిందన్నమాట. మన గ్రామర్ పుస్తకాలు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకుంటూ వచ్చాయి, లిస్టు మారలేదు, నాకు బాధ కలిగించేది అదే, పిల్లలు అంత కష్టపడి నేర్చుకున్నది బయట పనికి రాకుండా పోతోంది.

దీనికి ఒక కథ కూడా తిరుగుతూ ఉంటుంది, మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది, పాతకాలం ఇంగ్లండ్‌లో గడ్డి కప్పుల మీద పిల్లులు కుక్కలు పడుకునేవని, వాన పడితే జారి కింద పడేవని. అది నమ్మకండి. 1999 ప్రాంతంలో ఈమెయిల్ ఫార్వర్డ్‌గా ప్రపంచమంతా తిరిగిన కట్టుకథ అది. పూరిల్లు చూసినవాళ్ళెవరికైనా తెలుసు, వానలో కుక్క చూరు కిందకి దూరుతుంది గానీ కప్పెక్కి కూర్చోదు.

మరేం నేర్చుకోవాలంటే, రోజూ నిజంగా వినబడేవి. "కాల్ ఇట్ ఎ డే" అంటే ఇవాల్టికి పని చాలిద్దాం అని. "అప్ ఇన్ ది ఎయిర్" అంటే ఇంకా ఏదీ తేలలేదు అని. "కట్ కార్నర్స్" అంటే ఖర్చో టైమో మిగుల్తుందని పని నాసిరకంగా కానిచ్చేయడం, కాంట్రాక్టర్ సిమెంటు తగ్గించి కట్టినట్టు. "ఆన్ ద సేమ్ పేజ్" అంటే ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం అని. "లాంగ్ షాట్" అంటే జరగడం కష్టమే కానీ ప్రయత్నిద్దాం అనేలాంటిది. ఇంటర్వ్యూలు, వార్తలు, క్రికెట్ కామెంటరీ వింటూ ఉండండి, ఏ మాటైనా ముగ్గురు నలుగురు వేర్వేరు మనుషుల నోట విన్నాక అప్పుడు మీ నోట్లోకి తెచ్చుకోండి. లిస్టులో చూసింది చూసినట్టు వాడొద్దు.

ప్రశ్న: గచ్చిబౌలిలో టెస్టింగ్ జాబ్ చేస్తున్నా. క్లయింట్ కాల్‌లో "గివ్ మీ ఎ బాల్‌పార్క్ ఫిగర్", "లెట్స్ టచ్ బేస్ ఆన్ థర్స్‌డే" ఇలాంటివి అంటుంటారు, నాకు సగం అర్థం కావు. ఒకసారి లండన్ ఆయన "లెట్స్ టేబుల్ దిస్" అన్నాడు, అమెరికా ఆవిడ ఓకే అని వేరే టాపిక్‌లోకి వెళ్ళిపోయింది, తర్వాత ఇద్దరూ తికమక పడ్డారు. ఏంటి సార్ ఇది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మొదటి రెండూ బేస్‌బాల్ నుంచి వచ్చినవండి. అమెరికా వాళ్ళకి ఆ ఆట మనకి క్రికెట్ ఎలాగో అలాగ, వాళ్ళ మాటల్లో సగం అక్కణ్ణుంచే. బాల్‌పార్క్ అంటే ఆ ఆట గ్రౌండ్, బాల్‌పార్క్ ఫిగర్ అంటే ఉజ్జాయింపు లెక్క. అది అడిగినప్పుడు మీరు రెండు రోజులు టైమ్ తీసుకుని పైసలతో సహా లెక్క కట్టి పంపక్కర్లేదు, "రఫ్లీ టూ వీక్స్" అంటే చాలు, వాళ్ళు అడిగిందే అది. టచ్ బేస్ అంటే ఓసారి మాట్లాడుకుందాం, పెద్ద మీటింగ్ కూడా కాదు, ఐదు నిమిషాల కాల్ అయినా అదే. "కర్వ్‌బాల్" అంటే బాల్ వంకర తిరిగి వచ్చినట్టు అనుకోకుండా వచ్చిపడిన చిక్కు. "స్టెప్ అప్ టు ద ప్లేట్" అంటే ముందుకొచ్చి బాధ్యత నెత్తినేసుకోవడం. "రైన్ చెక్" వింటే మీకు బ్యాంకు చెక్ గుర్తొస్తుందేమో, కాదు, వాన వల్ల మ్యాచ్ ఆగిపోతే ఇంకో రోజు వచ్చి చూడండని ఇచ్చే టికెట్ ముక్క అది. "కెన్ ఐ టేక్ ఎ రైన్ చెక్" అంటే ఇప్పుడు కుదరదు, మరోసారి అని మర్యాదగా తప్పుకోవడం. లంచ్‌కి పిలిస్తే ఎవరైనా ఇలా అన్నారనుకోండి, రేపు వస్తారా ఎల్లుండి వస్తారా అని వెంటపడకండి.

టేబుల్ సంగతి మాత్రం నిజంగా ప్రమాదమే. బ్రిటన్‌లో టేబుల్ చేయడం అంటే చర్చకి బల్ల మీద పెట్టడం, ఇప్పుడే మాట్లాడదాం అని. మన అసెంబ్లీలో, పార్లమెంటులో రిపోర్టు టేబుల్ చేశారు అంటే సభ ముందు పెట్టారనేగా, అది బ్రిటన్ వాడకమే. అమెరికాలో దీనికి పూర్తి రివర్స్, టేబుల్ చేయడం అంటే పక్కన పెట్టేయడం, తర్వాత చూద్దాం అని. మీ కాల్‌లో లండన్ ఆయన ఇప్పుడే తేలుద్దాం అన్నాడు, ఆవిడకేమో పక్కన పెడదాం అని వినబడింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ మిలిటరీ అధికారులు ఒక మీటింగ్‌లో ఇదే మాట మీద చాలాసేపు గట్టిగా వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరికీ కావాల్సింది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. కాబట్టి ఈ ఒక్క మాట మీరు అసలు వాడకండి, "లెట్స్ డిస్కస్ ఇట్ నౌ" లేదా "లెట్స్ డూ ఇట్ లేటర్", తేటగా ఉంటుంది.

ఇంకోటి, అర్థం కానప్పుడు తలూపొద్దండి. "సారీ, వాట్ డు యూ మీన్ బై దట్?" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అర్థం కాకుండా యెస్ అని, వారం తర్వాత తప్పు పని చేసి పంపితే అప్పుడు అనుకుంటారు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. బేస్‌బాల్ నుంచి వచ్చినట్టే క్రికెట్ నుంచి కూడా ఇంగ్లీషులోకి మాటలు వచ్చాయా?
– గుంటూరు

జవాబు: బోలెడు వచ్చాయి మాస్టారూ, కాకపోతే వాటిలో చాలావరకు బ్రిటన్, ఆస్ట్రేలియా, మన దేశం వైపే చెల్లుతాయి, అమెరికా వాళ్ళతో అంటే ఖాళీగా చూస్తారు. "స్టికీ వికెట్" ఉంది, వికెట్ అంటే ఇక్కడ పిచ్, ఇరకాటంలో పడటం అని అర్థం. పూర్వం పిచ్ మీద కవర్లు కప్పేవాళ్ళు కాదు, వానకి తడిసిన పిచ్ ఎండ తగిలి ఆరుతున్నప్పుడు బాల్ ఎక్కడ పడి ఎటు లేస్తుందో బ్యాట్స్‌మన్‌కి తెలిసేది కాదు. 1934లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ హెడ్లీ వెరిటీ అలాంటి పిచ్ మీదే ఆస్ట్రేలియావి మ్యాచ్ మొత్తంలో 15 వికెట్లు తీశాడు, అందులో 14 ఒక్కరోజులోనే. ఇప్పుడు పిచ్‌లకి కవర్లొచ్చి అలాంటి పిచ్‌లు పోయాయి, మాట మిగిలింది.

హ్యాట్రిక్ కూడా క్రికెట్‌దే. 1858లో షెఫీల్డ్‌లో హెచ్.హెచ్. స్టీఫెన్సన్ అనే ఆయన వరసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే చందాలు వేసి ఆయనకి టోపీ కొనిచ్చారు, అక్కణ్ణుంచి పుట్టింది. ఈ రోజు ఎమ్మెల్యే మూడోసారి గెలిచినా హ్యాట్రిక్కే, హీరోకి మూడు హిట్లు పడినా హ్యాట్రిక్కే. "ఆఫ్ హిజ్ ఓన్ బ్యాట్" అంటే ఎవరూ చెప్పకుండా తనంతట తానే చేశాడని. "ఆన్ ద బ్యాక్ ఫుట్" అంటే ఆత్మరక్షణలో పడ్డాడని, ఇది మన టీవీ డిబేట్లలో రోజూ వింటున్నదే.

ఒక్కచోట మాత్రం మనవాళ్ళు బోల్తా పడతారు, "నాక్డ్ ఫర్ సిక్స్" దగ్గర. సిక్సర్ అంటే మనకి పండగ కాబట్టి మంచి మాట అనుకుంటాం. కానీ ఇక్కడ చూడాల్సింది బౌలర్ వైపు నుంచి. "ద న్యూస్ నాక్డ్ హర్ ఫర్ సిక్స్" అంటే ఆ వార్త వినేసరికి ఆవిడ కుప్పకూలిపోయిందని.

ప్రశ్న: మా ఆఫీసు గ్రూప్‌లో ఒక పెద్దాయన పోయారని మెసేజ్ పెడుతూ మా కొలీగ్ "హి కిక్డ్ ద బకెట్" అని రాశాడు. తప్పా?
– కర్నూలు

జవాబు: చాలా తప్పండి, వెంటనే డిలీట్ చేయించండి. అర్థం చనిపోవడమే కానీ మన "బాల్చీ తన్నేశాడు" ఎలాంటిదో అదీ అలాంటిదే. పెద్దాయన పోతే ఇంట్లోవాళ్ళ దగ్గర ఆ మాట అంటామా? "పాస్డ్ అవే" అని రాయాలి.

ప్రశ్న: "బర్న్ యువర్ బ్రిడ్జెస్" అంటే మన "ఏరు దాటి తెప్ప తగలేయడం" అని మా లెక్చరర్ చెప్పారు. రెండూ ఒకటేనా?
– కరీంనగర్

జవాబు: చూడ్డానికి కవలల్లా ఉంటాయి, కానీ ఒకటి కాదు. మన తెప్ప మాటలో ఉన్నది కృతఘ్నత, అవసరం తీరాక సాయం చేసినవాణ్ణి మర్చిపోవడం, "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న" అంటామే అదే కోపం ఇందులోనూ ఉంది. ఇంగ్లీష్ మాటలో కృతజ్ఞత సంగతే లేదు. సైన్యం వంతెన దాటి దాన్ని తగలబెట్టేస్తే ఇక వెనక్కి పోలేదు, అదీ లెక్క. మళ్ళీ వెనక్కి వెళ్ళే దారి మనమే మూసేసుకోవడం. ఉద్యోగం మానేస్తూ మేనేజర్ మీద అరిచి వచ్చేశారనుకోండి, రేపు రిఫరెన్స్ కావాలన్నా అడగలేరు, అప్పుడంటారు "యూ బర్న్డ్ యువర్ బ్రిడ్జెస్" అని. ఆ మేనేజర్ మీకు ఏనాడూ ఏ సాయం చేసి ఉండకపోయినా సరే ఆ మాట సరిపోతుంది. "బర్న్ యువర్ బోట్స్" అని కూడా అంటారు, దానికి చాలామంది స్పెయిన్ సేనాని కోర్టెజ్ కథ చెప్తారు, 1519లో మెక్సికో తీరంలో ఓడలు తగలబెట్టేశాడని. నిజానికి ఆయన ఓడల్ని కాల్చలేదు, పనికిరాకుండా చేసి ముంచేయించాడు, సైనికులు ఇంటికి పారిపోకుండా.

మన తెప్ప మాటలోని కోపం ఇంగ్లీషులో చెప్పాలంటే "బైట్ ద హ్యాండ్ దట్ ఫీడ్స్ యూ" కొంచెం దగ్గరగా వస్తుంది, అన్నం పెట్టే చేతిని కరవడం. దానికి మన తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఇంకా దగ్గర.

ఇలా పైకి ఒకలా ఉండి లోపల వేరుగా ఉండేవి ఇంకా ఉన్నాయి, వీటి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి, అసలు తెలియని మాటయితే ఆగి అడుగుతాం, తెలిసినట్టు కనిపించేదాన్ని అడగం కదా. "పుల్ సమ్‌వన్స్ లెగ్" అంటే సరదాగా ఆటపట్టించడం. మనం కాళ్ళు పట్టి కిందకి లాగడం అంటే పైకొస్తున్నవాణ్ణి ఎదగనివ్వకపోవడం. ఆఫీసులో "దే ఆర్ ఆల్వేస్ పుల్లింగ్ మై లెగ్" అని మీరు కంప్లయింట్ రాస్తే, బ్రిటన్ మేనేజర్ చదివి పోనీలే అందరూ సరదాగా ఉంటున్నారు అనుకుంటాడు. "కోల్డ్ ఫీట్" అలాంటిదే, పెళ్ళికి ముందురోజో సంతకం పెట్టే టైముకో ధైర్యం చాలక వెనక్కి తగ్గడం, మన ఇళ్ళల్లో కాళ్ళు చల్లబడ్డాయంటే ప్రాణం మీదకొచ్చిందని డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతాం.

హాయిగా కలిసిపోయేవీ ఉన్నాయి. పుండు మీద కారం చల్లడం వాళ్ళకి గాయం మీద ఉప్పు రుద్దడం, "రబ్ సాల్ట్ ఇన్ ద వూండ్". ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే "బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ బ్లూ సీ". మనకి దూరపు కొండలు నునుపయితే వాళ్ళకి పక్కవాడి కంచెకి అవతల గడ్డి పచ్చగా ఉంటుంది. ఎవరో ఊరికే ఇచ్చిన గుర్రానికి నోరు తెరిచి పళ్ళు చూడొద్దని వాళ్ళంటారు, మనం దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టినట్టు అంటాం. పళ్ళు చూసి వయసు చెప్పడం రెండు చోట్లా పశువులున్న ప్రతి ఇంటికీ తెలిసిన పనే.

ప్రశ్న: ఐఎల్టీఎస్ (విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీష్ పరీక్ష) స్పీకింగ్‌లో కనీసం ఐదారు ఇడియమ్స్ వాడితేనే సెవెన్ బ్యాండ్ వస్తుందని కోచింగ్‌లో చెప్తున్నారు. నిజమేనా?
– విజయవాడ

జవాబు: అలాంటి కౌంట్ ఏదీ లేదు. స్పీకింగ్ టెస్ట్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, మార్కులు నాలుగు విషయాలకి సమానంగా వేస్తారు. తడబడకుండా మాట్లాడటం, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ. సెవెన్ బ్యాండ్‌కి పదసంపద కింద రాసిన దాంట్లో అంత మామూలుగా వినబడని, ఇడియమాటిక్ పదాలు కొన్ని వాడగలగాలి అని ఉంది, మీ కోచింగ్ వాళ్ళు పట్టుకున్నది ఆ ముక్కనే. కానీ ఇడియమాటిక్ అంటే సామెత లాంటి మాటలొక్కటే కాదు. ఇంగ్లీష్ వాళ్ళు సహజంగా కలిపి అనే పదాలన్నీ అందులోకే వస్తాయి. "హెవీ రైన్" అంటారు, "స్ట్రాంగ్ రైన్" అనరు, ఆ తేడా తెలియడం కూడా అందులో భాగమే. "కీప్ యాన్ ఐ ఆన్", "రన్ అవుట్ ఆఫ్ టైమ్", "ఐ కాంట్ స్టాండ్ ద నాయిస్", ఇలాంటివి మాటలో కలిసిపోయి వస్తే చాలు. అదే ప్రతి జవాబులోనూ "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్", "ఓవర్ ద మూన్" అని చంద్రుణ్ణి లాక్కొస్తే బట్టీ పట్టి వచ్చారని ఎగ్జామినర్‌కి మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. రైటింగ్ ఎస్సేలో అయితే ఇడియమ్స్ మానేయండి, అక్కడ భాష గంభీరంగా ఉండాలి. ఫీజులు కట్టి, ఉద్యోగానికి సెలవు పెట్టి రాసే పరీక్ష ఇది, తప్పుడు సలహా మీద పోగొట్టుకోవద్దు.

ప్రశ్న: నేను ఇంటర్వ్యూలో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019" అంటే అవతల కెనడా ఆవిడ "ఆర్ యూ ఓకే నౌ?" అని అడిగింది!
– నిజామాబాద్

జవాబు: ఆవిడకి మీరు స్పృహ తప్పి పడిపోయారని వినబడింది. పాస్ అవుట్ అంటే బయట దేశాల్లో ముందు తోచే అర్థం అదే. మన దగ్గర కాలేజీ పూర్తి చేయడం, బ్రిటన్‌లో మిలిటరీ వాళ్ళ ట్రైనింగ్ ముగిశాక జరిగేది పాసింగ్ అవుట్ పరేడ్, కాబట్టి మాటకి మూలం లేకపోలేదు. ఇక్కడ మనలో మనం వాడుకోవచ్చు. బయటివాళ్ళతో "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019" అనండి.

ప్రశ్న: మాది పోర్టు ఊరు. ఓడల నుంచి పుట్టిన ఇంగ్లీష్ ఇడియమ్స్ గురించి చెప్తారా?
– విశాఖపట్నం

జవాబు: ఇది నాకు ఇష్టమైన టాపిక్కండి. బ్రిటన్ చుట్టూ సముద్రమే, వాళ్ళ వ్యాపారం, యుద్ధాలు అన్నీ తెరచాప ఓడల మీదే నడిచాయి, నావికుల మాటలు ఊళ్ళోకి వచ్చి స్థిరపడిపోయాయి, ఇప్పుడవి వాడేవాళ్ళలో చాలామందికి అవి ఓడ మాటలని కూడా తెలీదు. "బై అండ్ లార్జ్" తీసుకోండి, మొత్తం మీద చూస్తే అని అర్థం, ఆఫీసు రిపోర్టుల్లో రోజూ రాస్తారు. వీలైనంత గాలికి ఎదురుగా ఓడ నడపడాన్ని "బై" అనేవాళ్ళు, గాలి వెనక వైపు నుంచి తోస్తుంటే "లార్జ్". రెండు రకాల గాలికీ బాగా నడిచే ఓడ అన్నిరకాలా మంచిదన్నట్టు. "టేకెన్ అబ్యాక్" అంటే నిర్ఘాంతపోవడం, గాలి ఒక్కసారిగా తిరిగి తెరచాపకి ముందువైపు నుంచి కొడితే ఓడ ఉన్నపళంగా ఆగి వెనక్కి నెట్టబడుతుంది, అది. "లెర్న్ ద రోప్స్" అంటే పని మెళకువలు నేర్చుకోవడం, ఓడలో లెక్కలేనన్ని తాళ్ళుంటాయి, ఏది లాగితే ఏ తెరచాప కదుల్తుందో తెలియకుండా ఎవడూ పనికొచ్చేవాడు కాడు.

"త్రీ షీట్స్ టు ద విండ్" అంటే బాగా తాగి తూలుతున్నాడని. ఇక్కడ షీట్ అంటే గుడ్డ అనుకుంటారు, కాదు, తెరచాప మూలని బిగించే తాడుని షీట్ అంటారు. మూడు తాళ్ళు వదులైతే తెరచాప కొట్టుకుంటూ ఓడ అటూ ఇటూ ఊగుతుంది, తాగినవాడి నడకలాగ.

మనకీ ఇలాంటివి ఉన్నాయి, గమనించారా? ఎటు గాలి వీస్తే అటు పోయేవాణ్ణి గాలివాటం మనిషి అంటాం. "ఇప్పుడేం పుట్టి మునిగిందని అంత తొందర" అంటాం, పుట్టి అంటే ఏరు దాటే గుండ్రటి పడవ. దిక్కు లేని కుటుంబాన్ని చుక్కాని లేని నావ అంటాం. మీ పక్కన జాలరిపేటల్లో పెద్దవాళ్ళని కదిపితే ఇంకెన్నో వస్తాయి, రాసి పంపండి, తప్పకుండా వేస్తాం.

ప్రశ్న: డాలస్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. మనవరాలు స్కూల్లో స్టేజీ ఎక్కే ముందు కడుపులో సీతాకోకచిలుకలు ఉన్నాయంది, కడుపునొప్పేమో అని వాము నీళ్ళు తాగించాను. మా అల్లుడేమో దాన్ని పట్టుకుని "బ్రేక్ ఎ లెగ్" అన్నాడు. శుభమా అని పిల్ల స్టేజీ ఎక్కుతుంటే కాలు విరగ్గొట్టుకోమనడం ఏంటి బాబూ?
– ఓ అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీరు కంగారు పడటంలో తప్పేం లేదు, కానీ రెండూ మంచి మాటలే. "బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్" అంటే భయమూ ఉత్సాహమూ కలిసిన గాభరా, మనం గుండెల్లో రైళ్ళు పరిగెత్తుతున్నాయి అంటామే దానికి కాస్త మెత్తటిది. "బ్రేక్ ఎ లెగ్" నాటకాల వాళ్ళ మాట. బాగా చెయ్యి, గెలిచి రా అని నోరు తెరిచి అంటే ఎదురు తిరుగుతుందని వాళ్ళ నమ్మకం, అందుకే చెడ్డమాట అని మంచి కోరుకుంటారు. బిడ్డ ముద్దొస్తోందని పైకి అనకుండా బుగ్గన నల్లచుక్క పెడతారు మీరు, అదే బుద్ధి ఇది. మీ అల్లుడుగారు దిష్టి తీసినట్టే అనుకోండి. కాకపోతే ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళతోనో, ప్రయాణమయ్యేవాళ్ళతోనో ఈ మాట అనకూడదు, స్టేజీకీ పరీక్షకీ పోటీకీ మాత్రమే.

అక్కడున్నన్నాళ్ళు పనికొచ్చేవి ఇంకొన్ని చెప్తాను. మీ మనవరాలు "ఐ యామ్ ఆల్ ఇయర్స్" అంటే చెవులు రిక్కించి వింటున్నా చెప్పమని. "ఫ్రాగ్ ఇన్ మై త్రోట్" అంటే గొంతు బొంగురుపోయిందని. "అండర్ ద వెదర్" అంటే ఒంట్లో నలతగా ఉందని, దీనికైతే వాము నీళ్ళు ఇవ్వొచ్చు. "పీస్ ఆఫ్ కేక్" అంటే నల్లేరు మీద బండి నడక. ఎవరైనా మాట్లాడకుండా కూర్చుంటే "క్యాట్ గాట్ యువర్ టంగ్?" అంటారు, బెల్లం కొట్టిన రాయిలా అలా ఉండిపోయావేంటే అని మీరు అనేదే. ఇలా ఒకటికొకటి పక్కపక్కన పెట్టి మీ మనవరాలితో ఆడండి, మీకు ఇంగ్లీషొస్తుంది, ఆ పిల్లకి ఏ యాప్‌లోనూ దొరకని తెలుగొస్తుంది.

ప్రశ్న: ఇడియమ్‌లో పదాలు మార్చి వాడొచ్చా? "స్పిల్ ద బీన్" అని రాస్తే మా ఫ్రెండ్ తప్పన్నాడు.
– తిరుపతి

జవాబు: తప్పే. "స్పిల్ ద బీన్స్" అనే అనాలి, దాచిన రహస్యం బయటపెట్టడం అని అర్థం. కాలం మార్చుకోవచ్చు, "హి స్పిల్డ్ ద బీన్స్" ఓకే. కానీ బహువచనాన్ని ఏకవచనం చేయకూడదు, "ద" తీసి "ఎ" పెట్టకూడదు, ఒక పదం బదులు అదే అర్థమున్న ఇంకో పదం పెట్టకూడదు. మనం పప్పులో కాలేశాడు అంటాం, సాంబారులో పాదం పెట్టాడు అంటే ఎవరికైనా ఏం అర్థమవుతుంది? రెండు ఇడియమ్స్ కలిపేయడం కూడా తరచు చూస్తున్నా, "ఈజీ యాజ్ పీస్ ఆఫ్ కేక్" అని. "ఇట్స్ ఎ పీస్ ఆఫ్ కేక్" వేరు, "యాజ్ ఈజీ యాజ్ పై" వేరు.

ప్రశ్న: పేపర్లో "తెల్ల ఏనుగు", "సింహభాగం", "రెడ్ టేపిజం" రాస్తుంటారు. ఇవి మనవా, ఇంగ్లీషువా?
– వరంగల్

జవాబు: ఇంగ్లీషు ద్వారా వచ్చినవే. తెల్ల ఏనుగు కథ సయాం దేశానిది, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, రాజుకి గిట్టనివాడికి తెల్ల ఏనుగుని బహుమతి ఇచ్చేవాడని, దాన్ని పనికి పెట్టకూడదు, మేపక తప్పదు, వాడి ఆస్తి కరిగిపోయేదని చెప్పుకుంటారు. సింహభాగం ఈసప్ కథలోది, అందులో సింహం తీసుకున్నది ఎక్కువ భాగం కాదు, మొత్తం వేట. రెడ్ టేప్ అంటే ప్రభుత్వ, కోర్టు కాగితాల కట్టలకి చుట్టే ఎర్ర నాడా.

ప్రశ్న: యూకేలో చదువుకుంటున్నా. మా ఇంటి ఓనర్ ఏ పని చెప్పినా చివర్లో "అండ్ బాబ్స్ యువర్ అంకుల్" అంటాడు. నాకు బాబ్ అనే మామయ్య ఎవరూ లేరు.
– లెస్టర్ నుంచి ఓ విద్యార్థి

జవాబు: అంతే, అయిపోయింది, ఇంత సులువు అని దాని అర్థం. "ఈ బటన్ నొక్కు, ఆ నాబ్ తిప్పు, అండ్ బాబ్స్ యువర్ అంకుల్", హీటర్ ఆన్ అయిపోయినట్టే. దీనికి ఒక కథ చెప్తారు. 1887లో బ్రిటన్ ప్రధాని లార్డ్ సాలిస్‌బరీ తన చెల్లెలో అక్కో కొడుకు ఆర్థర్ బాల్ఫోర్‌ని ఐర్లండ్ వ్యవహారాలు చూసే పెద్ద పదవిలో కూర్చోబెట్టాడు. సాలిస్‌బరీ పేరు రాబర్ట్, రాబర్ట్‌ని ముద్దుగా బాబ్ అంటారు, వరసకి సొంత మేనమామ, బాబ్ మామయ్య ఉంటే పని అయిపోయినట్టే అని జనం అనుకున్నారట. ఆ నియామకం నిజంగా జరిగిందే, కానీ ఈ మాట 1920ల దాకా రాతలో కనబడదు కాబట్టి కథని పూర్తిగా నమ్మలేం. మీ ఓనర్ దగ్గర మీరు కూడా నిరభ్యంతరంగా వాడొచ్చు, సంతోషిస్తాడు. కాలేజీ అసైన్‌మెంట్‌లో మాత్రం రాయకండి, అమెరికా ఫ్రెండ్స్‌తో అన్నా చాలామందికి అర్థం కాదు.